ఇంట్లో గోల్ఫ్ సిమ్యులేటర్ గది: సీలింగ్‌కు, గోడలకు ఏం కట్టాలి?

ప్రశ్న: ఇంట్లో ఖాళీగా ఉన్న గదిని గోల్ఫ్ సిమ్యులేటర్ గదిగా, అంటే మైదానం బొమ్మ పడే స్క్రీన్ మీదికి నిజం బంతినే కొట్టి ఆడుకునే గదిగా మార్చుకుంటున్నాను. పొడవు 20 అడుగులు, వెడల్పు 13 అడుగులు. పైన జిప్సం ఫాల్స్ సీలింగ్ ఉంది. నేల నుంచి దానికి 9 అడుగుల 6 అంగుళాలు, దాని మీద స్లాబ్ దాకా మరో 8 అంగుళాల ఖాళీ. స్క్రీన్, పైపుల ఫ్రేము, ప్రొజెక్టర్, మ్యాట్ వచ్చేశాయి. ఆగలేక గది పూర్తి కాకముందే నాలుగు బంతులు కొట్టాను. వెడ్జ్‌తో (బంతిని ఎత్తుగా లేపే క్లబ్, అంటే గోల్ఫ్ కర్ర) కొట్టిన ఒకటి నిట్టనిలువుగా లేచి సీలింగ్ బోర్డుకు కన్నం పెట్టింది. ఇంకొకటి షాంకై, అంటే క్లబ్ మెడకు తగిలి పక్కకు దూసుకుపోయి, కుడి గోడకు తగిలి, సిమెంటు పెచ్చు ఊడగొట్టి, తిరిగి నా కాళ్ల దగ్గరికే వచ్చింది. నా ఎత్తు 5 అడుగుల 11 అంగుళాలు, కుడిచేతి వాటం. మా అమ్మాయి ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది, తనది ఎడమచేతి వాటం. గోడలకూ సీలింగ్‌కూ మొత్తం ప్లైవుడ్ కొట్టించమని కార్పెంటర్ అంటున్నాడు. గుడ్ల ట్రే ఆకారంలో ఉండే ఫోమ్ అంటిస్తే చాలని నా స్నేహితుడు అంటున్నాడు. ఎవరి మాట వినాలి? ఇంకో కన్నం పడితే ఇంట్లో ఊరుకునేలా లేరు, అదొక టెన్షన్.

సమాధానం: ఇద్దరి మాటా వద్దండీ. ప్లైవుడ్ మీ గోడను కాపాడుతుంది గానీ మిమ్మల్ని కాపాడదు. ఆ ఫోమ్ రెండింటినీ కాపాడదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట సీలింగ్ కన్నం గురించి కాదు, బంతి తిరిగి మీ కాళ్ల దగ్గరికి వచ్చిందన్న మాట. కన్నాన్ని ఒక పూటలో పూడ్చుకోవచ్చు. అదే బంతి ఇంకో రెండు అడుగులు పైకి లేచి వచ్చి ఉంటే కంటికి తగిలేది. కాబట్టి గోడ ఎలా దెబ్బతినకుండా ఉంటుంది అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, బంతి ఎక్కడికి పోతుంది, పోయిన చోట ఎలా ఆగుతుంది అని ఆలోచిద్దాం. అది తేలితే గోడల సంగతి చాలావరకు దానంతట అదే తేలిపోతుంది.

ముందు బంతి బలమెంతో చూడండి. నిబంధనల ప్రకారం గోల్ఫ్ బంతి బరువు 45.93 గ్రాములు దాటకూడదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్ల కన్నా తగ్గకూడదు. మామూలు ఆటగాడు డ్రైవర్‌తో, అంటే అన్నిటికన్నా పొడవైన క్లబ్‌తో సరిగ్గా కొడితే అది గంటకు 215 కిలోమీటర్ల దగ్గర వేగంతో బయల్దేరుతుంది. అంటే సుమారు 80 జౌల్స్ శక్తి. గంటకు 115 కిలోమీటర్ల వేగంతో వచ్చే క్రికెట్ బంతిలో ఉండేదీ దాదాపు అంతే. తేడా ఏమిటంటే గోల్ఫ్ బంతి అడ్డుకోత వైశాల్యం క్రికెట్ బంతిలో మూడో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. అంత శక్తీ అంత చిన్న చోట దిగుతుంది. జిప్సం బోర్డు అందుకే పగులుతుంది. ఇటుక గోడ పగలదు, బంతిని వెనక్కి పంపేస్తుంది. ప్లైవుడ్ చేసేదీ అదే పని. బంతిలోని శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. గట్టి వస్తువు దాన్ని ఖర్చు చేయదు, దారి మాత్రం మళ్లిస్తుంది. వదులుగా వేలాడే వల గానీ మందపాటి తెర గానీ అయితే కదిలి, సాగి, ఆ శక్తిని మింగేస్తుంది, బంతి కిందికి జారి పడుతుంది. గదిలో ఎక్కడ ఏం కట్టాలో తేల్చుకోవడానికి ఈ ఒక్క సూత్రం చాలు.

ఇక మీ గదికి వద్దాం. మొదట ఆ ఫాల్స్ సీలింగ్ తీయించేయండి. కన్నం పూడ్చడానికి డబ్బు పెట్టొద్దు. దాని వెనక 8 అంగుళాల ఎత్తు ఊరికే పడి ఉంది, గోల్ఫ్ గదిలో 8 అంగుళాలంటే చాలా ఎక్కువ. లోపల వైర్లు, ఏసీ గొట్టాలు ఉంటాయి కాబట్టి బోర్డు మీద చెయ్యి వేసే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. అందం కోసం సగం ఉంచి సగం తీయడం మంచిది కాదు. అలా మిగిలిన బోర్డు అంచు బంతికో క్లబ్‌కో అందే చోట ఉంటుంది, మొదట విరిగేది అదే. తీసేశాక స్లాబ్ 10 అడుగుల 2 అంగుళాల ఎత్తులో ఉంటుంది. మ్యాట్ మందం 2 అంగుళాలనుకుంటే మీరు నిలబడే చోటు నుంచి సరిగ్గా 10 అడుగులు. ఎత్తును నేల నుంచి కొలిచి మోసపోయేవాళ్లు చాలామంది. మ్యాట్ కింద చెక్క వేదిక కూడా వేస్తే ఇంకో 3, 4 అంగుళాలు పోతాయి, అది లెక్కలో ఉంచుకోండి.

స్లాబ్ కాంక్రీటు కదా, పగలదుగా అని నిశ్చింతగా ఉండకండి. పగలనిదే ఎక్కువ ప్రమాదం. జిప్సం బోర్డు కనీసం విరిగి కొంత శక్తిని తీసుకుంటుంది, కాంక్రీటు ఏమీ తీసుకోదు.

సీలింగ్‌కు రెండు రకాల దెబ్బలు తగులుతాయి. ఒకటి క్లబ్‌ది, ఇంకొకటి బంతిది. ఈ రెండింటినీ కలిపేసి సీలింగ్ అంతా మెత్తటిదేదో అంటించేస్తారు. క్లబ్ తగిలే సమస్యకు మెత్తలు మందు కాదు. 2 అంగుళాల మెత్త అంటిస్తే ఎత్తు 2 అంగుళాలు తగ్గి, తగలని క్లబ్ కూడా తగులుతుంది. పైగా తల మీద ఏదో దగ్గరగా ఉందన్న భావన వస్తే చేతులు వాటంతట అవే ముడుచుకుంటాయి, స్వింగ్ పాడవుతుంది. మైదానంలోకి వెళ్లాక గానీ ఆ సంగతి తెలియదు. అందుకని మీ తల మీద, వెనక ఉన్న స్లాబ్‌కు రంగు తప్ప ఏమీ వద్దు.

క్లబ్ తగులుతుందా లేదా అన్నది లెక్కతో తేలదు, ఊపి చూడాలి. మ్యాట్ వేసి దాని మీద నిలబడి, డ్రైవర్‌ను చాలా నెమ్మదిగా వెనక్కి తీసి, అంతే నెమ్మదిగా ముందుకు తెచ్చి ముగించండి. ఒకరిని పక్కన నిలబెట్టి క్లబ్ తల స్లాబ్‌కు ఎంత దూరంలో పోతోందో చూడమనండి. తర్వాత 7 ఐరన్ అనే క్లబ్‌తోనూ చేయండి. క్లబ్ పొట్టిదైనా ఐరన్ స్వింగ్ మరింత నిలువుగా ఉంటుంది కాబట్టి దాన్ని వదిలేయకూడదు. నెమ్మదిగా ఊపినప్పుడు జానెడు ఖాళీ లేకపోతే వేగంగా ఊపినప్పుడు నమ్మకం పెట్టుకోలేం. మీ ఎత్తుకు 10 అడుగులు సరిపోవాలి. మీకన్నా పొడుగు స్నేహితులు ఆడడానికి వస్తారనుకుంటే వాళ్లతోనూ ఒకసారి ఊపించండి. ఎవరికైనా ఖాళీ చాలకపోతే ఈ గదిలో వాళ్లకు డ్రైవర్ ఇవ్వకండి, అంతకు మించి చేయగలిగింది లేదు.

ఇప్పుడు బంతి దెబ్బ. స్క్రీన్‌ను ఎదురు గోడకు 16 అంగుళాల ఎడంగా కట్టి, స్క్రీన్ నుంచి 10 అడుగుల దూరంలో టీ (బంతిని నిలబెట్టే చిన్న మేకు) పెట్టుకున్నారనుకుందాం. మీ వెనక 8 అడుగుల 8 అంగుళాలు మిగులుతాయి, బాగానే ఉంది. సరిగ్గా తగిలిన బంతి ఏ క్లబ్‌తో కొట్టినా సీలింగ్ దాకా పోదు. వెడ్జ్ బంతి 30 డిగ్రీల కోణంలో లేచినా స్క్రీన్ చేరేసరికి 6 అడుగుల ఎత్తులోపే ఉంటుంది. క్లబ్ ముఖం 60 డిగ్రీలు వాలి ఉన్నా బంతి 60 డిగ్రీల్లో లేవదు, అంతకన్నా బాగా తక్కువలోనే లేస్తుంది. 45 డిగ్రీలు దాటితేనే స్క్రీన్ కన్నా ముందు స్లాబ్‌ను తాకుతుంది. అలాంటి బంతులు క్లబ్ పై అంచు తగిలినప్పుడో, టీ మరీ ఎత్తు పెట్టి డ్రైవర్ కిందుగా దూరినప్పుడో పుడతాయి. 60 డిగ్రీల్లో లేచింది టీకి 6 అడుగుల ముందు స్లాబ్‌ను తాకుతుంది. 70 డిగ్రీలైతే మూడున్నర అడుగుల ముందు. అంటే మీరు కాపాడుకోవాల్సింది సీలింగ్ మొత్తం కాదు. టీకి 3 అడుగుల ముందు మొదలుపెట్టి స్క్రీన్ వరకు ఉన్న 7 అడుగుల మేర, అంతే. ఇలా లేచే బంతులు సరిగ్గా తగలనివి కాబట్టి వేగం కూడా తక్కువే ఉంటుంది. మరీ భయపడి అక్కడ కోట కట్టనక్కర్లేదు.

ఆ 7 అడుగుల మేర ఒక వల వేలాడదీయండి. ముందు అంచు స్క్రీన్ ఫ్రేము పై పైపుకు, వెనక అంచు స్లాబ్‌కు కట్టి, మధ్యలో స్లాబ్ నుంచి అడుగు దాకా కిందికి జారేలా వదులుగా ఉంచాలి. బిగించి కడితే అది బంతిని తిప్పి కొడుతుంది, ఇంత శ్రమా వృథా. కట్టాక రెండు విషయాలు చూడండి. నెమ్మదిగా స్వింగ్ చేస్తే ముగింపులో క్లబ్ వలను తాకుతోందా? తాకితే వల వెనక అంచును ఇంకో అడుగు ముందుకు జరపండి. వేగంగా ఊపే క్లబ్ వలలో చిక్కుకుంటే మణికట్టు తట్టుకోలేదు. రెండోది, ప్రొజెక్టర్ వేసి తెల్లటి బొమ్మ పెట్టి చూడండి. స్క్రీన్ పైభాగంలో వల నీడ పడుతుంటే ఆ మేరకు పైకి లాగాలి. తల మీద నుంచి చూసే లాంచ్ మానిటర్ (బంతి వేగం, కోణం కొలిచే పరికరం) అయితే దాని చూపుకు కూడా అడ్డం రాకూడదు.

వల మీద నమ్మకం చాలకపోతే దాని వెనక స్లాబ్‌కు పాత కార్పెట్ బిగించుకోవచ్చు. వట్టి జిగురును నమ్ముకోకండి, తల మీద ఉండేదేదైనా స్క్రూలతోనే ఉండాలి. ఆ స్క్రూల తలలు పైకి పొడుచుకు రాకుండా లోపలికి దిగాలి. బంతి స్క్రూ తలకు తగిలితే ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

పక్క గోడల విషయంలో నన్నడిగితే సీలింగ్ కన్నా ఎక్కువ శ్రద్ధ ఇక్కడే పెట్టాలి. కుడిచేతి వాటం ఆటగాడి షాంక్ కుడికి పోతుంది. క్లబ్ తల కొస అంచుకు తగిలిన బంతీ ఎక్కువగా కుడికే. మీరు బంతి ముందు నిలబడితే మీ ముఖం ఉండేది కూడా కుడి గోడ వైపే. అంటే షాంక్ కొట్టిన మనిషి ఏ గోడను చూస్తూ నిలబడ్డాడో ఆ గోడకే బంతి తగిలి, అక్కడి నుంచి తిరిగొస్తే అతని వైపే వస్తుంది. మీ కాళ్ల దగ్గరికి రావడం యాదృచ్ఛికం కాదు. మీ అమ్మాయికి ఇదంతా తారుమారు. ఆమె ఎడమ గోడను చూస్తూ నిలబడుతుంది, ఆమె షాంకులు ఎడమ గోడకు పోతాయి. మీరొక్కరే ఆడేదుంటే ఎడమ గోడకు మామూలు కర్టెన్ చాలనేవాణ్ని. కొత్తగా నేర్చుకునేవాళ్లు కూడా ఉన్నారు కాబట్టి రెండు వైపులా ఒకేలా కట్టక తప్పదు.

ఎంత మేర కట్టాలి? టీని గది మధ్యలో పెడితే ఒక్కో గోడకు ఆరున్నర అడుగుల దూరం. 45 డిగ్రీల షాంక్ టీకి ఆరున్నర అడుగుల ముందు గోడకు తగులుతుంది. 60 డిగ్రీలైతే 4 అడుగుల లోపు, 75 డిగ్రీలైతే 2 అడుగుల లోపు. మీ గోడ మీద పెచ్చు ఊడిన చోటు టీ నుంచి ఎంత ముందుందో కొలిచి చూడండి, మీ షాంక్ ఏ కోణంలో పోతుందో మీకే తెలుస్తుంది. మొత్తం మీద టీకి అడుగు ముందు నుంచి స్క్రీన్ దాకా 9 అడుగుల మేర వల కావాలి. దాన్ని వెనక్కి, మీ పక్క దాకా లాక్కురావద్దు. 13 అడుగుల వెడల్పు ఒకరు కుడిచేత్తో, ఒకరు ఎడమచేత్తో ఆడడానికి బొటాబొటి. మీ వీపు వెనక గోడకూ క్లబ్‌కూ మధ్య దూరం ముందే తక్కువ. అక్కడ వల కూడా వేలాడితే బ్యాక్‌స్వింగ్‌లో దానికే తగులుతుంది. సీలింగ్‌కు చేసినట్టే పక్క గోడలకూ నెమ్మది స్వింగ్ పరీక్ష చేయండి, మీరిద్దరూ.

పక్క వలను గోడకు అడుగు దూరంలో వేలాడదీయాలి. గోడకు ఆనించి కడితే బంతి వలతో సహా గోడను గుద్దుతుంది. 9 అడుగుల మేరకు 11 అడుగుల వల తీసుకుంటే కుచ్చులు పడి వదులుగా ఉంటుంది. వల కన్ను అంగుళం లేదా అంతకన్నా చిన్నది కావాలి. గోల్ఫ్ బంతి వ్యాసం 1.68 అంగుళాలు, తోటల్లో కట్టే పెద్ద కళ్ల వలలు దీనికి పనికిరావు. కింద జానెడు వల నేల మీద పరుచుకునేలా వదిలేయండి, లేకపోతే నేల బారున వచ్చే బంతి కింద నుంచి దూరిపోతుంది. బరువు కోసం కింద ఇనుప కడ్డీ దూర్చొద్దు. దాన్ని బంతి వెతుక్కుంటూ వెళ్లినట్టే తగులుతుంది. పైన కర్టెన్ పట్టా బిగించి దానికి వల కొక్కేలు తగిలిస్తే, ఆడనప్పుడు పక్కకు జరిపేసి గదిని మామూలుగా వాడుకోవచ్చు. పట్టా స్లాబ్‌కు యాంకర్ బోల్టులతో బిగించాలి. వల బదులు మందపాటి ముదురు రంగు కర్టెన్ రెండు పొరలుగా కట్టుకున్నా బాగుంటుంది. నాకు అదే ఎక్కువ ఇష్టం, గదిలో ప్రతిధ్వని కూడా తగ్గుతుంది. కాకపోతే కుచ్చులు నిండుగా ఉండాలి, గుడ్డ బరువుగా ఉండాలి. పల్చటి గుడ్డ కొన్నాళ్లకు చిరుగుతుంది.

మీ కార్పెంటర్‌ను నిరాశపరచనక్కర్లేదు. వల వెనక గోడకు ప్లైవుడ్ కొట్టించి, దాని మీద కార్పెట్ గానీ జిమ్ గోడలకు వాడే మెత్తలు గానీ బిగించుకోవచ్చు. అక్కడ ప్లైవుడ్ పని బంతిని ఆపడం కాదు, మెత్తలకు స్క్రూలు పట్టే ఆధారం కావడం. ఇటుక గోడకు డజన్ల కొద్దీ రంధ్రాలు చేయడం కన్నా అది నయం. కానీ మొదట వల కట్టి కొన్నాళ్లు ఆడి చూడండి. గోడ మీద కొత్త మచ్చలు పడకపోతే ప్లైవుడ్ ఖర్చే అక్కర్లేదు.

ఇక గుడ్ల ట్రే ఫోమ్. అది చప్పుడు కోసం చేసిన వస్తువు, దెబ్బ కోసం కాదు. అంగుళం మందం ఉన్న మెత్తటి స్పాంజిని బంతి ఒక్క దెబ్బకు గోడ దాకా నొక్కేసి వెనక్కి వస్తుంది. కొన్ని దెబ్బలకే తునకలు ఊడతాయి. అంతకన్నా పెద్ద అభ్యంతరం నిప్పు. సాధారణ పాలీయురెథేన్ ఫోమ్ చాలా వేగంగా అంటుకుని విషపు పొగ వదులుతుంది. 2003 ఫిబ్రవరి 20న అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో స్టేషన్ అనే నైట్‌క్లబ్‌లో వేదిక చుట్టూ గోడలకు, సీలింగ్‌కు అంటించిన ఇలాంటి ఫోమ్‌కు బాణసంచా నిప్పురవ్వలు తగిలి 100 మంది చనిపోయారు. మీ గదిలో బాణసంచా ఉండదు గానీ గంటల తరబడి వేడెక్కే ప్రొజెక్టర్, దాని చుట్టూ వైర్లు ఉంటాయి. మెత్తలు తప్పనిసరైతే మూసుకుపోయిన గాలి గదులుండే గట్టి ఫోమ్, అంటే జిమ్ మ్యాట్లలో వాడే రకం, అంగుళంన్నర నుంచి 2 అంగుళాల మందంలో తీసుకోండి. దాని మీద మంటను తట్టుకునే పరీక్ష ముద్ర ఉందో లేదో చూసి కొనండి. కర్టెన్లకూ ఇదే షరతు. ముద్ర లేనిది ఎంత మంచి సరుకని చెప్పినా వదిలేయండి.

గదిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన వస్తువు గోడా కాదు, సీలింగూ కాదు. మీ స్క్రీన్ చుట్టూ ఉన్న ఇనుప పైపు. సీలింగ్‌కు పోయే బంతి, గోడకు పోయే బంతి సరిగ్గా తగలనివి. పైపుకు తగిలే బంతి అలా కాదు. డ్రైవర్‌తో దిట్టంగా తగిలి రెండు మూడు అడుగులు పక్కకు పోయిన బంతి పూర్తి వేగంతో దాన్ని కొడుతుంది. గుండ్రటి పైపు దాన్ని ఏ కోణంలోనైనా విసిరేయగలదు, నేరుగా మీ మీదికి కూడా. కాబట్టి పైపులకు తొడిగే మందపాటి ఫోమ్ గొట్టాలు తెచ్చి పైనా, రెండు పక్కలా, మూలల్లో కూడా ఖాళీ లేకుండా తొడగండి. దాని మీద స్క్రీన్ గుడ్డ అంచు గానీ వేరే నల్ల గుడ్డ గానీ కప్పాలి. మూలల్లో పైపులను కలిపే ఇనుప జాయింట్లను చాలామంది వదిలేస్తారు. రెండు పక్కలా స్క్రీన్‌కూ గోడకూ మధ్య మిగిలిన సందును పక్క వలతోనే మూసేయండి. ఈ పైపుల పని పూర్తయ్యే దాకా దయచేసి ఇంకో బంతి కూడా కొట్టకండి.

స్క్రీన్ వెనక 16 అంగుళాలు వదలమన్నది ఎందుకంటే, బంతి తగిలినప్పుడు స్క్రీన్ వెనక్కి ఉబ్బుతుంది. చోటు లేకపోతే గోడను కొట్టి వెనక్కి తంతుంది. స్క్రీన్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే బంజీ తాళ్లను (సాగే తాళ్లు) బొమ్మ ముడతలు పడనంత వరకే లాగండి. కొంతమంది బొమ్మ అద్దంలా కనబడాలని బిగించేస్తారు, బంతి టీ దాటి వెనక్కి వచ్చేస్తుంది. మొదట చిన్న వెడ్జ్ షాట్లు కొట్టి బంతి ఎక్కడ పడుతోందో గమనించండి. స్క్రీన్ కిందే పడి మెల్లగా దొర్లుతూ వస్తే సరిగ్గా ఉన్నట్టు. గాలిలో తిరిగి వస్తుంటే తాళ్లు వదులు చేయండి. బంతి మీద మార్కర్ గీతలు ఉండకూడదు, మట్టి ఉండకూడదు, వెడ్జ్ గీతలకు పైపొర చెక్కుకుపోయిన బంతులు అసలు వాడకూడదు. అవి స్క్రీన్‌ను ఆకురాయిలా అరగదీస్తాయి.

గదిలో ఇప్పటికే ఉన్న వస్తువుల లెక్క కూడా తీయండి. సీలింగ్ ఫ్యాన్ ఉంటే తీసేయాల్సిందే, దీనికి మరో మాట లేదు. టీకి ముందు భాగంలో లైట్లు ఉంటే వెనక్కి మార్చండి. ఏసీ యూనిట్ ఎదురు గోడ మీదో, షాంక్ పోయే చోటో ఉంటే వెనక గోడకు మార్చండి. పొగ పసిగట్టే పరికరాలు, నిప్పు ఆర్పే స్ప్రింక్లర్ తలలు ఉన్నాయనుకోండి, వాటిని వలతో గానీ మెత్తతో గానీ కప్పకూడదు. వాటికోసమే తయారయ్యే తీగల బోనులు దొరుకుతాయి, అవి తొడిగించండి. స్ప్రింక్లర్ తలకు బంతి తగిలితే గది నిండా నీళ్లే. ప్రొజెక్టర్‌ను మీ తల మీద కాకుండా క్లబ్ అందని చోట బిగించి, ముందు వైపు వెలుగు పోయే సందు మాత్రం వదిలి ఇనుప బోను పెట్టాలి. గాలి ఆడకుండా మూసేస్తే వేడికి చెడిపోతుంది. కిటికీ ఉంటే పక్క వల దాని మీదుగా వచ్చేలా చూడండి.

గది తలుపు ఎటు ఉందో మీరు రాయలేదు. అది టీకి ముందున్న పక్క గోడల్లో ఉంటే లోపల గడియ తప్పనిసరి. మీరు డ్రైవర్ ఎత్తి ఉండగా ఎవరో వచ్చి తలుపు తీయడం కన్నా ఘోరం ఈ గదిలో ఇంకొకటి ఉండదు. చూడ్డానికి వచ్చినవాళ్లకు కుర్చీ వెనక గోడకు ఆనించి వేయండి. మీ ముఖం ఎదురుగా ఉన్న పక్కన మాత్రం ఎవరూ ఉండకూడదు. షాంక్ పోయేది అటే. మీ అమ్మాయి ఆడేటప్పుడు మీరు నేర్పించే ఉత్సాహంలో ఆమెకు ఎదురుగా వెళ్లి నిలబడతారు, నేర్పేవాళ్లందరికీ ఉండే అలవాటే అది. వెనక నుంచే చెప్పండి. ఆమెకు మొదట్లో స్పాంజి బంతులు ఇవ్వండి, బంతి ఎటు పోతోందో వాటితోనూ తెలుస్తుంది. వెడ్జ్ ముఖం తెరిచి నిలువునా ఎత్తే షాట్లు ఈ గదిలో ఇద్దరికీ నిషేధం అనుకోండి.

రంగు విషయం చిన్నదే. టీకి ముందున్న స్లాబ్‌కూ గోడలకూ మెరుపు లేని ముదురు రంగు వేయించండి. ప్రొజెక్టర్ వెలుగు గోడల మీద పడి తిరిగి రాదు కాబట్టి బొమ్మ స్పష్టంగా ఉంటుంది, బంతి మచ్చలు కనబడవు. వెనక భాగం లేత రంగులో ఉంచుకుంటే గది ఇరుగ్గా అనిపించదు. అదే రంగు డబ్బా ఒకటి దాచి పెట్టుకోండి.

పని మొదలుపెట్టే వరుస ఇదీ: ఫాల్స్ సీలింగ్ తీయడం, స్వింగ్ పరీక్ష, ఫ్యాన్, లైట్ల మార్పు, రంగు, ఆ తర్వాత స్క్రీన్, పైపుల తొడుగులు, చివరగా వలలు. వలలు కట్టాక వారం పది రోజులు ఆడి, గోడల మీదా స్లాబ్ మీదా ఎక్కడ మచ్చలు పడ్డాయో చూడండి. పడిన చోటే అదనపు మెత్త పెట్టండి, పడని చోట పెట్టకండి. తర్వాత కూడా నెలకోసారి వల కొక్కేలు, యాంకర్ బోల్టులు లాగి చూడాలి, దెబ్బలకు అవి మెల్లగా వదులవుతాయి. స్క్రీన్ మీద బంతి ఎక్కువగా తగిలే చోటును వేలితో తడిమి చూడండి. పోగులు లేచినా, గుడ్డ పల్చబడినట్టు అనిపించినా వెంటనే వాడకం ఆపండి. నాలుగు వైపులా తాళ్లు తగిలించే రింగులు ఒకేలా ఉండే స్క్రీన్ అయితే తలకిందులుగా తిప్పి కట్టుకుంటే అరగని భాగం దెబ్బ తగిలే చోటుకు వస్తుంది, కొన్నాళ్లు గడుస్తుంది. రింగులు అలా లేకపోతే కొత్త స్క్రీన్ తెచ్చుకోవడమే.